వంక పెట్టని ఊరు

మార్చి 3, ఆదివారం

ముందుగా నా చేతిరాతకూ, రాతలో తప్పులకూ మన్నించాలి. ఎవరు మన్నించాలో తెలియదు. దీన్ని నేను తప్ప ఎవరూ చదవరు. కానీ కాగితం మీద ఏం రాసినా మొదట ఆ మాట రాయాలని మా అమ్మ నేర్పింది. ఊరిబడిలో పదిహేనేళ్ళు వచ్చేదాకా చదివాను. ఆ తర్వాత క్వారీలో సున్నపురాయి కొట్టాను, దాంతో గోడలూ కట్టాను. అక్కడ రాతపని పడలేదు.

ఇవాళ ప్రార్థన అయ్యాక చాపెల్ మెట్ల మీద ఎదురింటి మిసెస్ టాప్లిస్ చెప్పింది, ఊరు వదిలి వెళ్ళిపోతోందట. మోకాళ్ళు మాట వినడం లేదట. మా సందు ఎక్కడమంటే నిచ్చెన ఎక్కడమే, నిజమే. రాన్ ఉన్నన్నాళ్ళూ చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. రాన్ ఆవిడ భర్త. క్వారీలో నా పక్కనే పనిచేశాడు. పోయి చాలా ఏళ్ళయింది.

కూతురు జిలియన్ నాటింగ్‌హమ్ నుంచి ఒక పత్రిక తెచ్చి ఇచ్చిందట. బ్రిటన్‌లో హాయిగా బతకదగ్గ ఊళ్ళన్నీ అందులో ఉన్నాయి. మా థార్న్‌వెల్ కూడా ఉంది, రంగుల బొమ్మతో సహా. బొమ్మలో నా వంటింటి కిటికీ పడింది, కిటికీలో పాలసీసా కూడా. హాయిగా బతకదగ్గ ఊరని రాసిన పత్రిక చూసి ఆ ఊరే వదిలిపోతోంది ఆవిడ.

పబ్బులో డెన్నిస్ బంటింగ్ దాన్ని అందరికీ చూపించాడు. "పత్రికలో పడ్డ ఊళ్ళో మనలాంటోళ్ళం ఉండకూడదు కుర్రోడా. బొమ్మ పాడైపోద్ది" అన్నాడు. నాకు డెబ్బై ఏడు. వాడికి డెబ్బై తొమ్మిది.

ఏ ఊరికి పోవాలో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు. ముందు రెండు మూడు చూసి వస్తానంది. జిలియన్‌కి ఉద్యోగం. అందుకని ఆవిడ నన్ను తోడు రమ్మంది. "గోడలు చూడ్డం నీకొచ్చు సిరిల్. నాకు కర్టెన్లే కనపడతాయి" అంది.

సరేనన్నాను. నాకు మాత్రం వేరే ఏం పనుంది.

మార్చి 5, మంగళవారం

చలి. ఏమీ లేదు.

మార్చి 24, ఆదివారం

మంచు కురిసింది. మార్చి నెలాఖరున ఇంత మంచు నేను చూడలేదు. పార తీసుకుని నా గుమ్మం నుంచి ఎదురింటి గుమ్మం దాకా దారి చేశాను. పోస్టుమాన్ జారిపడకూడదు కదా.

మిసెస్ టాప్లిస్ కిటికీలోంచి టీకప్పు పైకెత్తి చూపించింది. నేను పార పైకెత్తి చూపించాను.

ఆదివారం పోస్టు రాదన్న సంగతి లోపలికొచ్చాక గుర్తొచ్చింది.

ఏప్రిల్ 10, బుధవారం

ఆవిడ ఇంట్లో టీ తాగుతూ పత్రిక ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ అడిగిన ఊళ్ళ గురించి మాత్రం చెప్పాను. లడ్లోలో ఎప్పుడూ తిండి గొడవే, చీజు గురించి గంటసేపు మాట్లాడే జనం. టెన్బీ వేల్స్‌లో ఉంది, మన ముసలివాళ్ళ బస్సుపాసు అక్కడ చెల్లదు. సౌత్‌వోల్డ్ వైపు తీరాన్ని సముద్రం కొరుక్కు తింటోందని రేడియోలో విన్నాను.

"ఇవన్నీ ఎప్పుడు చూశావు?" అని అడిగింది.

చూడలేదన్నాను. నవ్వింది. నిజాలే చెప్పాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా, లేకపోతే మోసపోతుంది.

ఏప్రిల్ 17, బుధవారం

టౌన్లో ఒక కోచ్ బస్సుల కంపెనీ బుధవారం బుధవారం ముసలివాళ్ళని ఎక్కడికో ఒక చోటికి తిప్పుతుంది. ఇవాళ స్టాంఫర్డ్. ఆవిడ గుడ్డు శాండ్‌విచ్‌లు తెచ్చింది. నేను ఫ్లాస్కు తెచ్చాను.

ఊరంతా తేనెరంగు రాయి. చక్కగా చెక్కి పేర్చారు. నేల బల్లపరుపు. నది ఒడ్డున పచ్చిక, పచ్చికలో బెంచీలు. రోజంతా తిరిగినా ఆవిడ ఒక్కసారి కూడా మోకాలు పట్టుకోలేదు. రెండు మూడు ఇళ్ళ ముందు ఆగి, ఎలా ఉందని నా వైపు చూసింది.

మెత్తటి రాయి, గోరుతో గీకితే రాలుతుంది అన్నాను. ఆవిడ అటు తిరిగాక గీకి చూశాను. రాలలేదు.

టీ దుకాణంలో కూర్చున్నప్పుడు అంది: "మనవైపు మగాళ్ళు నోరు తెరిచేదే వంక పెట్టడానికి. రాన్ నలభై ఏళ్ళు నా చేతి పుడ్డింగ్ తిన్నాడు. బావుందని ఒక్కసారి అన్న పాపాన పోలేదు. ఏమీ అనకుండా ఖాళీ ప్లేటు నా ముందుకి తోసేవాడు. అదే నాకు మెడల్."

మా నాన్నా అంతే. క్వారీలో ఫోర్‌మన్ కూడా అంతే. మనం కట్టిన గోడ చూసి ఏమీ అనకుండా పోయాడంటే ఆ సాయంత్రం ఒక గ్లాసు ఎక్కువ తాగేవాళ్ళం.

మే 8, బుధవారం

విట్బీ. రేవులో పడవలు, పొగబెట్టిన చేపల వాసన, కొండ మీద కూలిన మఠం. ఆవిడకు మొహమంతా వెలుగొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వచ్చిందట. గోడ మీద కూర్చుని చేపా చిప్సూ తింటుంటే ఒక సముద్రపక్షి వచ్చి ఆవిడ చేతిలో చేపముక్క తన్నుకుపోయింది. ఇద్దరం నవ్వాం. నాకు దగ్గొచ్చేదాకా నవ్వాను. అంతగా నవ్వి ఎన్నేళ్ళయిందో.

కొండ మీది చర్చి దాకా మెట్లు. ఆవిడ సగంలోనే ఆగి రాయి మీద కూర్చుంది.

మన సందుకన్నా ఘోరంగా ఉంది, దానికే ఇల్లు మారడమెందుకు అన్నాను. ఈసారి నిజంగానే వంక ఉంది. ఆవిడ కూడా ఒప్పుకుంది.

తిరిగొచ్చేటప్పుడు నేను ఈల వేశానట. డ్రైవరు చెప్పాడు.

మే 9, గురువారం

ఎదురింటి వంటింట్లో దీపం ఇవాళ తొందరగా ఆరింది. నిన్నటి గాలికి జలుబు చేసిందేమో.

మే 10, శుక్రవారం

జలుబు లేదు. రొట్టెకి వెళ్తుంటే కనిపించింది.

మే 22, బుధవారం

గ్రేంజ్. పైన లాంకషైర్ దాటాక, పెద్ద అఖాతం పక్కన.

సముద్రం ఒడ్డున ఊరు అని పత్రికలో రాశారు. వెళ్ళి చూస్తే సముద్రం లేదు. ఎప్పుడో వెనక్కి పోయిందట. అది ఉండాల్సిన చోట గడ్డి మొలిచింది, గడ్డిలో గొర్రెలు మేస్తున్నాయి. చాలా దూరాన సన్నగా మెరుస్తోంది, అదే నీళ్ళు. గడ్డికీ ఊరికీ మధ్య నడవడానికి చదునైన బాట, పూలమడులు. అందరూ మా వయసువాళ్ళే. ఎవరికీ తొందర లేదు. ఎవరూ ఫోటోలు తియ్యడం లేదు.

కోచ్ వెళ్ళేలోపు చూడ్డానికి ఒక ఇల్లు ఉంది. కింది అంతస్తు. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగదికి వెడల్పాటి కిటికీ, కిటికీలోంచి గొర్రెలు. మిసెస్ టాప్లిస్ కిటికీ దగ్గర నిలబడింది. నేను నా పని చేశాను. గోడలు తట్టాను. అరచెయ్యి ఆనించి చూశాను. పొడిగా ఉంది. వంగి గోడ మొదట్లో చూశాను. మురుగుగొట్టం చూశాను. తలుపులు వేసి తీశాను.

ఏదో ఒకటి అనాలనుకున్నాను. అప్పుడే ఒక రైలు వెళ్ళింది, చిన్నది, రెండు పెట్టెలది. గొర్రెలు తల కూడా ఎత్తలేదు. ఆవిడ వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

నేనేమీ అనలేదు.

ఆ కిటికీ దగ్గర రెండు కుర్చీలు పడతాయి. కొలవలేదు, ఊరికే కనిపించింది. ఒక కుర్చీ వేసినా పడుతుంది.

కోచ్‌లో ఆవిడ నిద్రపోయింది. తల నా భుజం మీదికి వాలింది. మా కొండలు కనిపించేదాకా నేను కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. ఇంకా తగ్గలేదు. అందుకే రాత ఇలా ఉంది.

మే 26, ఆదివారం

ఆవిడ గ్రేంజ్ ఇల్లు తీసుకుంటోంది.

చాపెల్ బయట చెప్పింది. "అన్నిటికీ వంక పెట్టావు సిరిల్. దీనికి పెట్టలేదు. ఇక చూసేదేముంది" అంది. అని, అక్కడే నిలబడి నా మొహంలోకి చూసింది. ఏదో మిగిలి ఉన్నట్టు.

నేను టోపీ పెట్టుకున్నాను.

మే 27, సోమవారం

తలుపు బిగుసుకుంటుందని అనొచ్చు. రైలు చప్పుడని అనొచ్చు. మన బస్సులు అక్కడికి పోవని అనొచ్చు. నీళ్ళు లేని సముద్రం ఏం సముద్రమని అనొచ్చు. రాత్రంతా వంకలు దొరికాయి, ఒకదాని తర్వాత ఒకటి.

ఆ రోజు ఒక్కటీ ఎందుకు రాలేదు.

జూన్ 12, బుధవారం

బావి పలకలకి మట్టి తొక్కడం. ఏటా ఊరిబావి పండక్కి ఈ పని నాదీ డెన్నిస్‌దీ. నీళ్ళలో నానిన పెద్ద పలకలు చెరువులోంచి లాగాం. తొట్టిలో బంకమట్టి, ఉప్పు, నీళ్ళు పోసి, బూట్లేసుకుని దిగి తొక్కాం. వచ్చే వారం ఆడవాళ్ళు ఆ మట్టి మీద పూలరేకులతో బొమ్మ కూర్చితే, శనివారం ఊరిబావి దగ్గర నిలబెడతాం. ఈసారి బొమ్మ బైబిల్లో ప్రళయం దాటిన నోవహు ఓడ.

డెన్నిస్ కాసేపు తొక్కి, నా భుజం పట్టుకుని ఆగాడు. గోడలు చూడ్డానికే ఆవిడ నన్ను ఊళ్ళు తిప్పిందనుకుంటున్నానా అని అడిగాడు. మరింకెందుకు అన్నాను.

"గోడలు చూసేవాళ్ళు ఫోన్ చేస్తే ఇంటికొస్తారు కుర్రోడా. వాళ్ళకి శాండ్‌విచ్ పెట్టక్కర్లేదు" అన్నాడు.

వాడికి ఎప్పుడూ వేళాకోళమే. పెళ్ళాం పోయినప్పటి నుంచి మరీ ఎక్కువైంది. నేను మట్టి తొక్కాను. ఈ ఏడు మట్టి బాగా పదును పట్టింది.

జూన్ 20, గురువారం

రాయాలని లేదు. రాస్తాను.

ఊరి హాల్లో పలకలు బల్లల మీద పరిచారు. బొమ్మ గీతలకి నల్లటి కాయలు గుచ్చడం నా వంతు, అది నిన్ననే అయింది. ఇవాళ రేకులు. మనుషులు చాలక నన్నూ కూర్చోమన్నారు. మిసెస్ టాప్లిస్ సముద్రం చేస్తోంది, నీలం హైడ్రాంజియా రేకులతో. పైకప్పు పెంకులు వేసినట్టే. కింది వరస ముందు, దాని అంచు మీదికి పైవరస, వాన పడితే నీళ్ళు జారిపోవాలి. నేను పక్కన కూర్చుని ఓడ కింద ఒక మూల మొదలుపెట్టాను. చాలాసేపు ఇద్దరం ఒకే గిన్నెలోంచి రేకులు తీసుకుని గుచ్చాం. బావుంది.

మిగతావాళ్ళు టీకి లేచారు. ఆవిడ లేవలేదు. రేకు మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే అంది.

"గ్రేంజ్ నీకెలా అనిపించింది సిరిల్? నీ నోటితో ఒక్కసారి చెప్పు. నలభై ఏళ్ళు ఖాళీ ప్లేట్లు చూసి అర్థం చేసుకున్నాను. ఇంక నాకు ఓపిక లేదు."

నోరు తెరిచాను. ఆ కిటికీ కళ్ళ ముందు ఉంది. గొర్రెలు ఉన్నాయి.

"సముద్రపు గాలి" అన్నాను. "చలికాలం వచ్చేసరికి ఆ ముందుగది గోడకి చెమ్మ పట్టేస్తుంది. మీరు వద్దనేస్తేనే మంచిది మిసెస్ టాప్లిస్."

ఆవిడ చెయ్యి ఆగింది. ఆ వరస చివరిదాకా రేకులు గుచ్చింది. ఒక్కటి కూడా వంకర పోలేదు.

"అలాగా" అంది. "అయితే ఆ రోజు నువ్వు ఊరికే అలిసిపోయావన్నమాట. నేనింకేదో అనుకున్నాను."

కాదనాల్సింది. ఆ ఒక్క మాట చాలు. అనేలోపు మనుషులు టీ తాగి తిరిగొచ్చారు.

కాసేపటికి ఆవిడకి తెల్ల రేకులు కావలసి వచ్చాయి. గిన్నె నా మోచేతి పక్కనే ఉంది. బల్ల అవతల కూర్చున్నామెను అడిగింది.

జూన్ 22, శనివారం

పలకలు నిలబెట్టాం. బ్యాండు వాయించారు. పాదిరి బావిని ఆశీర్వదించాడు. పత్రిక చూసి వచ్చినవాళ్ళు ఎక్కడ చూసినా. కార్లు పాల్మర్ పొలం దాకా నిలిచిపోయాయి. సముద్రం బాగా వచ్చిందని అందరూ అన్నారు.

ఆవిడ జిలియన్ పక్కన నిలబడింది. జిలియన్ నాకు చెయ్యి ఊపింది.

జూన్ 23, ఆదివారం

చాపెల్‌కి వెళ్ళలేదు. నడుం నొప్పి.

జూన్ 30, ఆదివారం

పలకలు దింపాం. రేకులన్నీ గోధుమరంగుకి తిరిగాయి. మట్టి గీకి తోపుడుబండిలో వేశాం. గీకుతున్నంతసేపూ డెన్నిస్ ఒక్క వేళాకోళం ఆడలేదు.

ఆవిడ మనసు మార్చుకోలేదు. చెమ్మ అన్నా మార్చుకోలేదు. ఇంకేం చెప్పను.

జూలై 4, గురువారం

వ్యాన్ వచ్చింది. పెట్టెలు మోశాను. రాన్ పనిముట్లపెట్టె నాకు ఇచ్చేసింది. మా సందులో వ్యాన్ తిరగడానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ చెయ్యి చాపింది. పట్టుకున్నాను. "బాగుండు సిరిల్" అంది. నేను దారి జాగ్రత్త అని చెప్పాను, ప్రెస్టన్ దగ్గర రోడ్డు పని జరుగుతోందని కూడా చెప్పాను.

జూలై 5, శుక్రవారం

ఎదురింట్లో దీపం లేదు. ఉండదు కదా.

జూలై 6, శనివారం

లేదు.

జూలై 20, శనివారం

ఎదురిల్లు సెలవులకొచ్చేవాళ్ళకి అద్దెకిస్తున్నారు, తలుపు పక్కన ఒక చిన్న తాళాలపెట్టె బిగించారు. అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. లండన్ నుంచి ఒక జంట వారానికి దిగారు. కుర్రవాళ్ళు, మంచివాళ్ళు. సాయంత్రం నేను గుమ్మంలో నిలబడి ఉంటే పలకరించారు. ఇలాంటి చోట ఏడాది పొడుగునా ఉండగలగడం ఎంత అదృష్టం అంది ఆ అమ్మాయి.

అవునన్నాను.

వాళ్ళు వంటింటి దీపం ఆర్పకుండానే బయటికి పోతారు. ఒకటి రెండుసార్లు మోసపోయాను.

జూలై 28, ఆదివారం

మిసెస్ టాప్లిస్ ఫోన్ చేసింది. అక్కడి చాపెల్లో పాటలు మరీ నెమ్మదిగా పాడతారట. ఎదురుగా ఒకావిడ ఉంది, చెవుడు. సాయంత్రాలు పొడుగ్గా ఉంటున్నాయంది. నాకు ఫోనులో మాట రాదు. అవును అన్నాను, కాదు అన్నాను, డెన్నిస్ బాగానే ఉన్నాడన్నాను.

ఆవిడ పెట్టేశాక ఇంకాసేపు చెవి దగ్గరే పెట్టుకున్నాను.

ఆగస్టు 9, శుక్రవారం

కార్డు వచ్చింది. ముందువైపు ఆ గడ్డీ, గొర్రెలూ. వెనక ఆవిడ రాత.

"గోడకి చెమ్మ పట్టలేదు. రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి చూస్తున్నాను. బెరిల్."

అంతే ఉంది. కార్డు మీద ఇంకా చాలా చోటు ఖాళీగా ఉంది.

పబ్బుకి తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో. డెన్నిస్ అద్దాలు పెట్టుకుని చదివాడు, తిప్పి బొమ్మ చూశాడు, మళ్ళీ చదివాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఇంతకన్నా ఏం రాస్తదిరా ఆడమనిషి" అన్నాడు.

ఆగస్టు 11, ఆదివారం

మంచి కాగితాలు రెండే ఉన్నాయి. పాడుచెయ్యకుండా ముందు ఇక్కడ రాసుకుంటాను. పోస్టు రేపు తొమ్మిదికి తీస్తారు.

బెరిల్ గారికి,

ఆ గోడకి చెమ్మ పట్టదు. ఆ రోజే తెలుసు. లోపల గట్టి రాయి, పునాది కూడా ఎత్తుగా ఉంది. హాల్లో నేను చెప్పింది అబద్ధం. అంతకు ముందు స్టాంఫర్డ్ రాయి గురించి చెప్పింది కూడా. విట్బీ మెట్లు మాత్రం నిజం.

ఆ రోజు నేను అలిసిపోలేదు.

గ్రేంజ్ బావుంది. సముద్రం లేకపోయినా బావుంది. గొర్రెలు బావున్నాయి. కిటికీ బావుంది. కిటికీ దగ్గర మీరు నిలబడింది చూశాను, అదీ బావుంది. ఈ మాట రాయడానికి నాకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టింది. టీ రెండుసార్లు చల్లారిపోయింది.

ఆ కిటికీ దగ్గర రెండు కుర్చీలు పడతాయని నాకు అనిపించింది. మీకు ఎలా అనిపించిందో తెలియదు. మీరు సరేనంటే నా కుర్చీ నేనే తెచ్చుకుంటాను. మడతపెట్టేదే, కోచ్‌లో పడుతుంది. ఎన్నాళ్ళుండాలో మీరు చెప్పండి. సాయంత్రం దాకా అంటే సాయంత్రం దాకా.

వద్దనుకుంటే వద్దని రాయండి. నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ, ఫరవాలేదు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకండి. ఏమీ అనకపోవడం అంటే ఏమిటో మన ఊళ్ళో అందరికీ తెలుసంటారు. నాకు తెలియడం లేదు.

వచ్చే బుధవారం కాక ఆపై బుధవారం కోచ్ అటే వస్తోంది. అందుకని త్వరగా జవాబు రాయండి.

సిరిల్ హాలమ్